జాషువా లయొనెల్ కోవెన్

జాషువా లయొనెల్ కోవెన్ (ఆగష్టు 25, 1877 - సెప్టెంబరు 8, 1965) అమెరికాకు చెందిన ఆవిష్కర్త మరియు పారిశ్రామికవేత్త. విద్యుత్తుతో నడిచే బొమ్మ రైళ్ళను ఇంటింటి వస్తువుగా చేసిన లయొనెల్ సంస్థకు ఇతడు వ్యవస్థాపకుడు. ఈ సంస్థకు ఇతడి పేరులోని నడిమి భాగమే పేరయింది. 1935లో ఈ సంస్థ విడుదల చేసిన, నిజంగా గాలి ఊది కూత వేసే రైలుబండి, బొమ్మ ఇంజనుకు గొంతు ఇచ్చే ప్రయత్నాలలో ఒక ముఖ్యమైన మలుపు. నేడు నమూనా రైలింజన్లలో అమర్చుతున్న డిజిటల్ ధ్వని పరికరాల చరిత్ర చెప్పేవారు సాధారణంగా ఇక్కడినుండే మొదలుపెడతారు.

బాల్యము, విద్య

ఇతడు న్యూయార్కు నగరంలో తూర్పు ఐరోపా నుండి వలస వచ్చిన యూదుల కుటుంబంలో జన్మించాడు. తొమ్మిదిమంది సంతానంలో ఇతడు ఎనిమిదవవాడు. తండ్రి టోపీల తయారీ వృత్తిలో ఉండేవాడు. ఇంటిపేరు మొదట కోహెన్. దానిని ఇతడు 1910 ప్రాంతంలో కోవెన్‌గా మార్చుకున్నాడు.

ఏడేళ్ళ వయసులో కొయ్యతో ఒక రైలింజను చెక్కి, దానికి చిన్న ఆవిరి యంత్రాన్ని బిగించగా అది పేలి ఇంట్లో వంటగది పాడయిందని ఒక కథ ప్రచారంలో ఉంది. తన గురించి తానే కథలు అల్లుకునే అలవాటు కోవెన్‌కు ఉండేది కనుక దీనిని ఎంతవరకు నమ్మాలో పాఠకులే నిర్ణయించుకోవాలి. చదువుమీద కంటే పనిముట్లమీద ఇతడికి మక్కువ ఎక్కువ. సిటీ కాలేజీలోను, కొలంబియా విశ్వవిద్యాలయంలోను కొంతకాలం చదివి, పట్టా పుచ్చుకోకుండానే మానుకొని, విద్యుద్దీపాలు తయారుచేసే ఒక సంస్థలో పనికి కుదిరాడు.

తొలి ఆవిష్కరణలు

ఆ రోజుల్లో ఫొటో తీయడానికి వెలుగు కావాలంటే మెగ్నీషియం పొడిని మండించేవారు. దానిని చేతితో అంటించడం ప్రమాదకరమైన పని. బ్యాటరీతో ఒక తీగను వేడిచేసి, దూరంనుండే ఆ పొడిని అంటించే సాధనానికి కోవెన్ 1899లో పేటెంటు పొందాడు. ఇది అమెరికా నౌకాదళం దృష్టిలో పడింది. సముద్రంలో అమర్చే మందుపాతరలను పేల్చడానికి ఇదే సూత్రంతో 24,000 సాధనాలు చేసి ఇవ్వమని వారు 12,000 డాలర్ల పని అప్పగించారు. బొమ్మల వ్యాపారానికి మూలధనం మందుపాతరలనుండి వచ్చిందన్నమాట.

జేబులో పెట్టుకునే టార్చిలైటును కనిపెట్టింది తానేనని, పూలకుండీని వెలిగించే గొట్టం దీపంగా తాను చేసినదానిని కాన్రాడ్ హ్యూబర్టుకు ఇచ్చివేయగా అతడు ఎవరెడీ సంస్థతో కోటీశ్వరుడయ్యాడని కోవెన్ తరువాతి కాలంలో చెప్పుకునేవాడు. తెలుగు పత్రికలలో కూడా ఈ కథ అప్పుడప్పుడు కనిపిస్తుంది. కాని టార్చిలైటు పేటెంటు 1899లో డేవిడ్ మిసెల్ అనే వ్యక్తి పేరిట నమోదై, హ్యూబర్టు సంస్థకు దఖలు పడింది. కనుక కోవెన్ చెప్పిన కథను చరిత్రకారులు అంగీకరించరు.

లయొనెల్ సంస్థ స్థాపన

1900లో హ్యారీ గ్రాంటు అనే భాగస్వామితో కలిసి కోవెన్ న్యూయార్కులో లయొనెల్ మాన్యుఫ్యాక్చరింగ్ కంపెనీని స్థాపించాడు. మొదట చేసిన చిన్న విద్యుత్ ఫ్యాను సరిగా అమ్ముడుపోలేదు. ఆ ఫ్యాను మోటారునే ఒక కొయ్య పెట్టె అడుగున బిగించి, గుండ్రంగా పరచిన పట్టాలపై తిరిగేటట్లు చేసి, ఒక దుకాణదారుడికి అమ్మాడు. ఇది అసలు బొమ్మగా తయారైనది కాదు. దుకాణం అద్దాల వెనుక కదులుతూ, తనలో పెట్టిన సరుకు వైపు బాటసారుల చూపు తిప్పడం దీని పని. కాని వచ్చినవారు సరుకును వదిలి, ఆ తిరిగే పెట్టెనే కొంటామన్నారు. బొమ్మరైలు వ్యాపారానికి బీజం ఇక్కడ పడింది.

అప్పటికి చాలా ఇళ్ళకు కరెంటు లేదు. తొలి రైళ్ళు ఆమ్లం పోసిన ద్రవ బ్యాటరీలతో నడిచేవి, పిల్లలకు అవి ఏమాత్రం క్షేమం కావు. ఇళ్ళకు విద్యుత్తు వచ్చేకొద్దీ ట్రాన్స్‌ఫార్మరు ఆ స్థానాన్ని ఆక్రమించింది. 1906లో కోవెన్ రెండుం ఎనిమిదోవంతు అంగుళాల ఎడంతో మూడు పట్టాల దారిని ప్రవేశపెట్టి, దానికి స్టాండర్డ్ గేజి అని పేరుపెట్టాడు. అప్పటికి అది ఎవరి ప్రమాణమూ కాదు. కాని ఆ పేరుతో అమ్మగా అమ్మగా ఇతర తయారీదారులు సైతం ఆ కొలతకే దిగిరావలసి వచ్చింది. వ్యాపారంలో ఇతడి తెలివికి ఇది మంచి ఉదాహరణ. ఒకటింపావు అంగుళాల ఓ గేజి రైళ్ళు 1915లో వచ్చాయి.

1904లో సిసీలియా లీబర్‌మన్‌ను వివాహమాడాడు. వీరికి లారెన్స్ అనే కుమారుడు, ఇసబెల్ అనే కుమార్తె కలిగారు. అదే సంవత్సరం పనిలో చేరిన మారియో కరూసో అనే ఇటలీ వలసదారుడు తరువాత కర్మాగారం భారమంతా మోసాడు. కోవెన్ అమ్మకాలు, ప్రకటనలు చూసుకుంటే, వస్తువు నాణ్యతను, కార్మికులను కరూసో కఠినంగా అదుపులో ఉంచేవాడు. 1918లో సంస్థ లయొనెల్ కార్పొరేషనుగా మారింది. కర్మాగారం న్యూజెర్సీ రాష్ట్రానికి తరలింది.

ప్రకటనల విషయంలో కోవెన్ ఏమంత సున్నితమైన మనిషి కాడు. ప్రత్యర్థుల రేకు రైళ్ళు ఎంత నాసిరకమో తన కేటలాగులలో బొమ్మలతో సహా చూపించేవాడు. రైలుబొమ్మ తండ్రికి కొడుకుకు మధ్య స్నేహాన్ని పెంచుతుందని, క్రిస్మస్ చెట్టు కింద అది తప్పక ఉండాలని అమెరికా కుటుంబాలను నమ్మించింది ప్రధానంగా ఇతడే. కూతుళ్ళ సంగతి ఆ ప్రకటనలలో దాదాపుగా లేదు. చాలా ఆలస్యంగా 1957లో ఆడపిల్లల కోసమని గులాబీరంగు ఇంజను ఒకటి విడుదల చేయగా అది బొత్తిగా అమ్ముడుపోలేదు. రైలు కావలసిన అమ్మాయిలకు కావలసింది నల్లటి ఇంజనే అని సంస్థకు తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

దివాలా అంచున

పాత పోటీదారైన ఐవ్స్ సంస్థ 1928లో దివాలా తీయగా, అమెరికన్ ఫ్లయర్ సంస్థతో కలిసి లయొనెల్ దానిని కొన్నది. ఐవ్స్ పేరు కంటే, కరెంటును ఆపి మళ్ళీ ఇస్తే ఇంజను ముందుకు, తటస్థానికి, వెనుకకు వరుసగా మారే వారి యంత్రాంగం కోవెన్‌కు ముఖ్యం. తరువాత లయొనెల్ ఇంజన్లన్నిటికీ అది ప్రాణమైంది.

1929లో మొదలైన ఆర్థిక మాంద్యం ఖరీదైన బొమ్మల గిరాకీని తుడిచిపెట్టింది. 1934లో లయొనెల్ కోర్టు నియమించిన రిసీవర్ల ఆధీనంలోకి పోయింది. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు మిక్కీ మౌస్, మిన్నీ మౌస్ ఎదురెదురుగా నిలబడి మీటను పైకీ కిందికీ ఆడించే తోపుడు బండి ఒకటి విడుదలైంది. అది కీ ఇస్తే నడిచేది. దాని ధర ఒక్క డాలరు. రెండున్నర లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఒక ఎలుక లయొనెల్‌ను కాపాడిందని పత్రికలు వ్రాసాయి. ఈ మాట నేటికీ చాలామంది వ్రాస్తూ ఉన్నారు. అయితే డాలరు బొమ్మపై మిగిలే లాభం ఒక సంస్థ అప్పులు తీర్చేంత ఉండదని లెక్క వేసుకుంటే ఎవరికైనా తెలుస్తుంది. అదే ఏడాది వచ్చిన యూనియన్ పసిఫిక్ వారి కొత్త తరహా రైలు నమూనా కూడా బాగా అమ్ముడుపోయింది. 1935 జనవరిలో రిసీవర్ల ఆధీనం తొలగిపోయింది.

కూత వేసే రైలు

ఈ గండం గడిచిన వెంటనే వచ్చినదే 1935 నాటి కూత. అంతకు ముందు బొమ్మ రైళ్ళలో శబ్దం అంటే గంట మోగడం, లేదా చక్రం తిరిగేటప్పుడు ఒక రేకు టకటకమనడం. పిల్లవాడు తాను కోరినప్పుడు, కోరినంతసేపు, బండి ఏ మలుపులో ఉన్నా కూత వేయించగలగడం కొత్త విషయం.

ఇందులో ఎదురైన చిక్కును కొంచెం వివరించవలసి ఉంది. బండికి అందేవి పట్టాలు మాత్రమే. మోటారుకు కరెంటు వాటిగుండానే పోవాలి, కూతకు ఆజ్ఞ కూడా వాటిగుండానే పోవాలి. లయొనెల్ రైళ్ళు ఏ.సి. విద్యుత్తుతో నడిచేవి, వాటి మోటార్లు డి.సి. విద్యుత్తుతో కూడా నడవగలవు. కనుక కూత మీట నొక్కినప్పుడు ఏ.సి.కి కొంత డి.సి.ని కలిపి పంపారు. మోటారుకు ఈ తేడా పట్టదు. బొగ్గు, నీళ్ళు మోసే టెండరులో ఉంచిన ఒక రిలే మాత్రం ఏ.సి.కి కదలక, డి.సి. తగలగానే అతుక్కుంటుంది. అది అతుక్కోగానే టెండరులోని మరొక చిన్న మోటారు ఒక రెక్కల చక్రాన్ని వేగంగా తిప్పుతుంది. ఆ గాలి రెండు వేర్వేరు కొలతల గదులలోకి దూరి రెండు స్వరాలు కలిసిన కూతగా వెలువడుతుంది. మీట నొక్కిన తొలిక్షణంలో రిలేను లాగడానికి ఎక్కువ డి.సి., ఆ తరువాత పట్టి ఉంచడానికి తక్కువ డి.సి. సరిపోతుంది. కూత మోటారు కరెంటు లాగినప్పుడు బండి నెమ్మదించకుండా వోల్టేజిని కొంచెం పెంచే ఏర్పాటు కూడా ఆ మీటలోనే ఉంది. ఇంత పొందికైన ఏర్పాటు కనుకనే దశాబ్దాలపాటు పెద్ద మార్పు లేకుండా కొనసాగింది.

అయితే ఈ కూతకు ఒక పరిమితి ఉంది. ఈల స్వరం దాని గది కొలతపై ఆధారపడుతుంది. ఓ గేజి నమూనా అసలు ఇంజనులో నలభై ఎనిమిదో వంతు. సెకనుకు 300 కంపనాలతో మోగే అసలు ఈలను అదే దామాషాలో కుదిస్తే అది 14,400 కంపనాలతో కీచుమంటుంది, పెద్ద వయసువారికి వినిపించనే వినిపించదు. అందుచేత టెండరులో పట్టినంతమేర గదులను పెద్దవిగా చేసి, స్వరాన్ని వీలైనంత దించారు. అయినా అది నిజమైన కూతకంటే హెచ్చు స్థాయిలోనే ఉండేది. గుంతకల్లు జంక్షనులో బ్రాడ్ గేజి, మీటరు గేజి ఆవిరి ఇంజన్లు రెండూ తిరిగిన రోజులలో, విడపనకల్లు వంటి చుట్టుపట్ల ఊళ్ళ పాతతరంవారు ఏది ఏ కూతో గుర్తించేవారు. అటువంటి చెవికి లయొనెల్ కూత బొమ్మకూతగానే వినిపిస్తుంది. కాని ఆనాటి పిల్లలకు అది చాలు. 1937లో న్యూయార్క్ సెంట్రల్ వారి హడ్సన్ ఇంజనును అన్ని కొలతలతో అచ్చంగా దించిన నమూనా వచ్చింది. దాని ధర 75 డాలర్లు, ఆ రోజులలో పనివాళ్ళకు కొన్ని వారాల జీతం. దాని టెండరులోనూ ఈ ఈలే ఉంది.

యుద్ధకాలము, ఉన్నత దశ

1942లో ప్రభుత్వ ఉత్తర్వులతో బొమ్మల ఉత్పత్తి నిలిచిపోయింది. లయొనెల్ కర్మాగారం నౌకలకు దిక్సూచుల వంటి సాధనాలను తయారు చేసింది. లోహం దొరకని ఆ కాలంలో 1943 క్రిస్మస్‌కు అట్టముక్కలతో అమర్చుకునే కాగితపు రైలును అమ్మారు. దానిని సరిగ్గా అమర్చగలిగినవారు అరుదు.

యుద్ధం ముగిసాక పొగ వదిలే ఇంజన్లు 1946లో వచ్చాయి. అదే ఏడాది ఎలక్ట్రానిక్ సెట్ అనే మరొక వింత వచ్చింది. పట్టాలగుండా రేడియో పౌనఃపున్యాలను పంపి, ఒక్కొక్క పెట్టెలోని రిసీవరు తనకు కేటాయించిన పౌనఃపున్యానికి మాత్రమే స్పందించేటట్లు దీనిని నిర్మించారు. నచ్చిన పెట్టెను నచ్చిన చోట విడదీయవచ్చు, కూత వేయించవచ్చు. ఖరీదు ఎక్కువ కావడంతో కొద్ది సంవత్సరాలలోనే మానుకున్నారు. కాని ఒకే జత పట్టాలపై ఒక్కొక్క బండికి వేర్వేరుగా ఆజ్ఞలివ్వాలన్న ఆలోచన, అర్ధశతాబ్దం తరువాత వచ్చిన డిజిటల్ నియంత్రణలో ఉన్న ఆలోచనే. ఈ రచయిత దృష్టిలో 1935 కూతకంటే కూడా దీనికే ఎక్కువ గుర్తింపు రావలసి ఉంది.

1948లో శాంటా ఫే డీజిలు ఇంజను నమూనా వచ్చింది. డీజిలుకు కూత కాదు, హారను కావాలి. కనుక గాలి గదుల బదులు బ్యాటరీతో మోగే హారను పెట్టారు. బ్యాటరీని మరచిపోయి లోపలే వదిలేస్తే అది కారి ఇంజను లోపలి భాగాలు తుప్పుపట్టేవి. పాత లయొనెల్ డీజిళ్ళు కొనేవారు నేటికీ మొదట చూసేది ఆ చోటే. పోటీదారైన అమెరికన్ ఫ్లయర్ ఈ కాలంలో చక్రాల వేగానికి తగ్గట్లు ఛుక్ ఛుక్ మనే యంత్రాన్ని కూడా పెట్టింది. ఈ ఒక్క విషయంలో లయొనెల్ వెనుకబడిందనక తప్పదు.

1946లో భార్య సిసీలియా మరణించింది. 1948లో కోవెన్ లిలియన్ అనే ఆమెను వివాహం చేసుకున్నాడు. అప్పటికే కుమారుడు లారెన్స్ సంస్థకు అధ్యక్షుడు. 1950ల తొలి సంవత్సరాలలో లయొనెల్ ప్రపంచంలోని అతిపెద్ద బొమ్మల సంస్థలలో ఒకటి. 1953లో అమ్మకాలు మూడు కోట్ల డాలర్లను దాటాయి.

సంస్థ చేజారుట, మరణము

ఆ తరువాత పతనం త్వరగానే వచ్చింది. అమెరికాలో జనం రైలెక్కడం తగ్గించి కార్లు, విమానాలు ఎక్కసాగారు. పిల్లల కళ్ళు టెలివిజనుకు, రాకెట్లకు మళ్ళాయి. రైళ్ళ అభిమానులు కూడా చోటు తక్కువ పట్టే హెచ్.ఓ. కొలతకు మారారు. కోవెన్ జీవితమంతా పెద్ద బొమ్మనే నమ్మినవాడు, ఈ మార్పును గుర్తించడానికి ఇష్టపడలేదు. 1959లో తన 55,000 వాటాలను, వరుసకు తనకు మనుమడయ్యే న్యాయవాది రాయ్ కోన్ ముఠాకు అమ్మి తప్పుకున్నాడు. సెనేటర్ మెకార్తీకి సహాయకుడిగా పేరు మోసిన రాయ్ కోన్‌కు రైళ్ళపై ఆసక్తి ఏమీ లేదు. అతడి చేతిలో సంస్థ నష్టాలలో కూరుకుపోయింది. అర్ధశతాబ్దికి పైగా పెంచిన సంస్థను కన్నకొడుకు నడుపుతూ ఉండగానే బయటివారికి అమ్మడం కోవెన్ జీవితంలో వివరణకు లొంగని ఘట్టం.

సెప్టెంబరు 8, 1965న ఫ్లోరిడా రాష్ట్రంలోని పామ్ బీచ్‌లో 88వ యేట ఇతడు మరణించాడు. కుమారుడు లారెన్స్ మూడేళ్ళ తరువాత 1968లో పోయాడు. 1969లో లయొనెల్ రైళ్ళ తయారీ హక్కులు జనరల్ మిల్స్ అనే ఆహార పదార్థాల సంస్థకు చేరాయి.

కోవెన్ తరువాత బొమ్మ రైళ్ళలో ధ్వని

1970లలో ఇంజను ఛుక్ ఛుక్ శబ్దాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో పుట్టించసాగారు. ఒక సర్క్యూటు జోరున కురిసే వాన వంటి హోరును పుట్టిస్తుంది. చక్రపు ఇరుసుకు బిగించిన మీట ఆ హోరును తుంపులు తుంపులుగా తెంచుతుంది. వినడానికి ఆవిరి వంటిదే, కాని ఏ ఇంజనుకైనా అదే గొంతు. 1980ల చివరనుండి లయొనెల్, ఆపై 1990లలో అమెరికాలో సౌండ్‌ట్రాక్స్, జర్మనీలో ఇ.ఎస్.యు. వంటి సంస్థలు అసలు ఇంజన్ల శబ్దాలను రికార్డు చేసి చిప్పులలో దాచే పద్ధతిని ప్రవేశపెట్టాయి. దీనితో ధ్వనికి, వస్తువు కొలతకు ఉన్న సంకెల తెగింది. లోతైన కూతను వేలెడంత ఇంజనులోనూ వినిపించవచ్చు, కాకపోతే చిన్న స్పీకరు మంద్రస్వరాలను పూర్తిగా పలుకలేదు.

పొడవైన రికార్డింగును అలాగే వినిపిస్తే సరిపోదు. కూతను మొదలు, నడిమి, చివర అని మూడు ముక్కలు చేసి, మీట పట్టుకున్నంతసేపు నడిమి ముక్కను తిప్పి తిప్పి వినిపిస్తారు. ఆవిరి ఇంజను ఊపిరినైతే ఒక్కొక్క ఛుక్‌గా విడగొట్టి, చక్రం తిరుగుడుకు ముడివేస్తారు. రెండు సిలిండర్ల ఇంజనులో చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ఛుక్‌లు రావాలి. కోవెన్ నమూనాగా చేసిన హడ్సన్ ఇంజను పెద్ద చక్రాల వ్యాసం 79 అంగుళాలు. గంటకు 60 మైళ్ళ వేగంలో చక్రం సెకనుకు నాలుగుసార్లకు కొంచెం ఎక్కువగా తిరుగుతుంది, అనగా సెకనుకు దాదాపు 17 ఛుక్‌లు. చెవి వాటిని విడివిడిగా లెక్కపెట్టలేదు. కనుక డిజిటల్ సాధనం నెమ్మదిగా కదిలేటప్పుడే తన పనితనాన్ని చూపగలదు. మోటారుపై పడే భారాన్ని కొలిచి, ఎత్తు ఎక్కేటప్పుడు ఛుక్‌ను బిగ్గరగా, దిగేటప్పుడు మెత్తగా మార్చే పద్ధతి కూడా వచ్చింది.

పాత ఇంజన్లకు ఈ సాధనాన్ని బిగించేవారు స్పీకరును సాధారణంగా టెండరులో పెడతారు. దాని వెనుక భాగాన్ని గాలి చొరకుండా మూయకపోతే ముందు వెనుకల తరంగాలు ఒకదానినొకటి చంపుకొని శబ్దం పలుచబడుతుంది. మొబైల్ ఫోనులలో వాడే చిన్న స్పీకర్లు వచ్చాక ఇది సులభమైంది. 1935 నాటి గాలి ఈలను తీసివేసి ఆ స్థానంలో చిప్పును పెట్టడం సరైనదేనా అన్న విషయంలో సేకర్తలలో ఏకాభిప్రాయం లేదు. కొందరు పాత ఈలను కదిలించకుండా, దాని పక్కనే స్పీకరును ఇరికిస్తారు. మరికొందరు పాత టెండరును భద్రపరచి, అదే తరహా వేరొక టెండరులో కొత్త సాధనాన్ని అమర్చుకుంటారు.